ఏ బండికొచ్చినావు?
(ఉద్దానం దారులు – 7వ భాగం)

పోయిన భాగంలో నౌపడ ఉప్పు మడుల గట్టు మీద ఆగాం. అక్కడ పండిన ఉప్పు ఎద్దుల వీపు మీద పెరికెల్లోకెక్కి, టెక్కలి దాటి, పర్లాకిమిడి దాటి, కొండల ఆవలికి ఎలా చేరేదో చెప్పుకున్నాం. బంజారాల ఎద్దుల మందలు, మందతో పాటే కదిలే వాళ్ల సంసారాలు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ కథంతటిలో చక్రం దాదాపు కనబడలేదు. చక్రమంటే తెలియని కాలం కాదది. సింధులోయ ఊళ్లలో పిల్లలు మట్టిబండ్లతో ఆడుకుని అప్పటికే నాలుగు వేల ఏళ్లు దాటింది. ఇక్కడ లేనిది దారి. వీపున బరువున్న ఎద్దు వాగులో దిగి ఎక్కుతుంది, ఇసుకలో నడుస్తుంది, కనుమ దాటుతుంది. బండికి మాత్రం ముందు దారి ఉండాలి. ఈ భాగం ఆ దారిది, ఆ దారి మీద నడిచిన బండిది, బండి అనే మాటది.

పలాస స్టేషన్‌లో మైకు ‘బండి నంబరు’ అంటూ మొదలుపెడుతుంది. బయట కాశీబుగ్గ వైపు నడిస్తే సాయంత్రం బజ్జీల బండి దగ్గర జనం మూగి ఉంటారు. పక్కన ఆగిన కుర్రాడు ‘నా బండి కాస్త చూడు బావా’ అని మోటారుసైకిలు వదిలి లోపలికి పోతాడు. జీడిపిక్కల బస్తాలు దింపే లారీ డ్రైవరు తన లారీని బండి అంటాడు. పెళ్లికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే అడిగే మొదటి మాట ‘ఏ బండికొచ్చినావు?’ అది రైలు కావచ్చు, బస్సు కావచ్చు. ఆలస్యమైనవాడి జవాబు ‘ఫస్టు బండి ఎల్లిపోనాది’. ఇన్ని యంత్రాలకు ఒక్క మాట ఎలా సరిపోతోంది? వీటిలో ఏ ఒక్కటీ పుట్టకముందే ఆ మాట ఉంది కదా?

మాట పుట్టుక గురించి రెండు వాదాలున్నాయి. తెలుగులో బండి, పాతరూపం పండి. కన్నడంలో బండి. తమిళంలో వండి, పండి. మలయాళంలో వండి. దక్షిణాదంతా ఒకే మాట. సంగం కాలపు తమిళంలో పాండిల్ అని ఇంకొకటి ఉంది. దానికి బండి అనీ, గుండ్రంగా ఉండేది అనీ రెండర్థాలూ ఉన్నాయి. ఈ వైపు నుంచి చూస్తే చక్రాన్ని బట్టి బండికి పేరొచ్చింది. రెండో వాదం సంస్కృతపు భాండం నుంచి వస్తుంది. భాండమంటే కుండే కాదు, వర్తకుడి సరుకు కూడా. సరుకు మోసేది కనుక భండి. కన్నడంలో ఆ మాటను ఒత్తు భకారంతో రాసే పద్ధతి కూడా ఉండటం ఈ వాదానికి ఊతం. నా మొగ్గు మొదటిదానికే. నాలుగు భాషల్లో ఇంటిమాటగా ఇంత లోతుగా పాతుకున్నది, పాత తమిళంలోనే గుండ్రనిదనం చెప్పుకున్నది, అరువు సొమ్ములా కనబడదు. అయినా రెండో వాదంలో ఒక సత్యం ఉంది. మన ఊళ్లలో బండి చక్రానికి ఎంత పేరో, బరువుకూ అంతే పేరు. బండెడు గడ్డి, బండెడు గత్తం అని కొలుస్తాం. ఇంటి పని తెమలని ఇల్లాలు ‘బండెడు చాకిరీ’ అంటుంది.

సంగం పద్యాల్లోనే ఉమణులు అనే ఉప్పు వర్తకుల ప్రస్తావన ఉంది. తీరంలో ఉప్పు కొని, బండ్ల బారుగా లోపలి నాడులకు వెళ్లేవారు. దారిలో ఇరుసు విరిగితే దిక్కులేదు గనుక, బండి కింద ఇంకో ఇరుసు కట్టుకుని బయలుదేరేవారని ఔవైయార్ పాట ఒకటి చెబుతుంది. తమిళ తీరంలో దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మాట అది. నౌపడ ఉప్పుకు బండి దారి దొరకడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

బండి మాట విషయంలో ఉద్దానానికి ఒక ప్రత్యేకత ఉంది. ఇది రెండు భాషల అంచు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఊళ్లలో తెలుగు, ఒడియా ఒకే అరుగు మీద కూర్చుంటాయి. ఒడియా రైతు తన ఎడ్లబండిని శగడ అంటాడు. అది సంస్కృత శకటమే. మనకు శకటం పుస్తకంలో ఉండిపోయింది, లేదా జనవరి 26న అలంకరించిన లారీ మీద కనబడుతుంది. గడప అవతల మాత్రం అదే మాట గడ్డి మోస్తోంది, పేడ మోస్తోంది. గాడి అనేది ఒడియాకూ హిందీకీ బండి అయితే, మనకు బండిచక్రం నేల మీద వదిలిన చాలు. పోతన భాగవతంలో శకటాసురుడి కథ తెలియనివారు లేరు. ఆ ఘట్టంలో పసివాడు కాలితో తన్నినదాన్ని పోతన బండి అనే అన్నాడు. పదిహేనో శతాబ్దపు మహాకవి ఇంట్లో మాటను ఎంత ధీమాగా వాడాడో చూడండి. రథం, తేరు గుడికి వెళ్లిపోయాయి. వాహనం దేవుడి ఊరేగింపులోనూ, పోలీసుల తనిఖీ కాగితాల్లోనూ ఉంది. తనిఖీ చేసే కానిస్టేబులు కూడా నోరు తెరిస్తే ‘బండి పక్కకి తీ’ అంటాడు.

ఇక అసలు బండి దగ్గరకు వద్దాం. దాన్ని ఎవరు చేశారో, దేనితో చేశారో తెలిస్తే తప్ప ముందు చెప్పబోయే గొడవ అర్థం కాదు.

ఎడ్లబండి వడ్రంగి, కమ్మరి కలిసి చేసిన వస్తువు. చక్రం నడుమ కుండ, కుండలోంచి చుట్టూ ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన చెక్కలు. చక్రానికి నల్లతుమ్మ లాంటి గట్టి కర్ర కావాలి. నొగకు పొడవైన, సాగే కర్ర కావాలి. కాడికి ఎద్దు మెడ ఒరిసిపోనంత నునుపైనది కావాలి. చక్రం సిద్ధమయ్యాక కమ్మరి వంతు. ఇనుప కట్టును చక్రం కంటే కాస్త చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. అది సాగిన క్షణంలో పటకార్లతో పట్టుకుని చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు గుమ్మరిస్తారు. బుస్సుమని ఆవిరి లేచి, కట్టు బిగుసుకుని, చక్రంలోని అతుకులన్నిటినీ ఒక్కటిగా నొక్కేస్తుంది. మేకు కంటే ఈ బిగింపే గట్టిది. ఊళ్లో కట్టు తొడిగే రోజున పిల్లలు బడి మానేసి వచ్చి నిలబడేవారంటే ఆశ్చర్యం లేదు. ఇరుసు చివర చక్రం జారిపోకుండా చీల. ఇరుసుకు ఆముదం, మసి కలిపిన కందెన. కందెన అయిపోయిన బండి కీచుమంటూ అరమైలు దూరం నుంచే తన రాక చెప్పేది.

ఉద్దానం ఇసుకనేల. కొబ్బరికీ, జీడికీ, పనసకూ అమ్మలాంటి ఆ నేల బండికి శత్రువు. సన్నటి ఇనుప కట్టు ఇసుకలో దిగబడిపోతుంది. తోటలోంచి కాయలు గట్టుకు చేరాలంటే తలమూట, కావిడి, ఆ తర్వాతే బండి. మందస వెనక మహేంద్రగిరి వైపు కొండల్లో ఉండే సవర గిరిజనులకూ కావిడే గతి. కొండ వాలులో చక్రం ఏం చేస్తుంది? సంత రోజున కొండ సరుకు కావిడి మీద దిగేది, తీరపు సరుకు బండి మీద వచ్చేది. రెండూ సంతలో కలిసేవి. రాత్రిళ్లు బండ్లు బారుగా సాగేటప్పుడు ముందు బండివాడు ఒక్కడు మేలుకుంటే చాలు. ఇరుసు కింద లాంతరు ఊగుతుండగా వెనకవాళ్లు గడ్డి మీద నడుం వాల్చేవారు. దారి ఎద్దులకు తెలుసు. పెళ్లిళ్లకు అదే బండి మీద వెదురు తట్టెతో గూడు కడితే గూడుబండి, పెళ్లికూతురు ఎక్కే సవారీబండి.

ఈ బండి అవసరం దొరలకూ ఉండేది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్దరోడ్డు ఇచ్ఛాపురం మీదుగా పోయేది. ఇప్పటి 16వ నంబరు జాతీయ రహదారి దాదాపు ఆ బాటనే నడుస్తోంది. మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లీషువాళ్లు బండిని ‘బ్యాండీ’ చేసుకుని తమ భాషలో కలుపుకున్నారు. ఎద్దు లాగినా, గుర్రం లాగినా బ్యాండీయే. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ మాటల నిఘంటువులో దానికి చోటు దక్కింది. ఆ గౌరవం వెనక ఒక చేదు ఉంది. అధికారి మకాం మారినా, జమీందారు శిబిరం కదిలినా ఊరి బండ్లే కట్టాలి. కోతల కాలమా, దుక్కుల కాలమా అన్నది ఎవరూ అడగరు. కూలి ఇచ్చారా లేదా అన్నది రైతు అడగలేడు. వెట్టి మనిషికే కాదు, మనిషి ఎద్దులకూ బండికీ కూడా ఉండేది.

1893 నుంచి 1896 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా ఈస్టుకోస్టు రైలుమార్గం పడింది. కొత్త యంత్రానికి పండితులు ధూమశకటం అని పేరు పెట్టారు. జనం పొగబండి అన్నారు, ఆ తర్వాత రైలుబండి అన్నారు. ఇందులో పండితుల పేరు ఓడిపోయిందని నవ్వుకోవడానికేమీ లేదు. జనం ఆలోచించిన తీరు మాత్రం గమనించదగ్గది. వాళ్లకు అది వింత జంతువు కాదు. ఎద్దు స్థానంలో పొగ వచ్చిన బండి. గుర్రపుబండి, ఒంటెద్దుబండి, పొగబండి. లాగేదాని పేరు ముందు పెట్టి, వెనక బండిని తగిలించే పద్ధతి అప్పటికే సిద్ధంగా ఉంది.

1902లో ఈ మార్గపు ఉత్తరభాగం బెంగాల్–నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. రైలు వస్తే ఎడ్లబండి పోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. స్టేషన్ల పేర్లే అందుకు సాక్ష్యం. మందస రోడ్డు. శ్రీకాకుళం రోడ్డు. ఊరి పేరు పక్కన రోడ్డు అని ఉందంటే, మీరు దిగింది ఊళ్లో కాదు, ఊరికి పోయే దారిలో. మిగతా దూరం బండిదే. సోంపేట స్టేషన్ ఉన్నదీ సోంపేటలో కాదు, కంచిలిలో. రైలుకు సరుకు తేవాలి, రైలు దించిన సరుకు మోయాలి. పట్టాలు ఒకే గీత మీద పడ్డాయి. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న ఊళ్లన్నిటికీ బండి కావలసి వచ్చింది. ఆగిపోయింది పెరిక ఎద్దు.

పెద్ద మార్గం తన పట్టణాన్ని తాకకుండా పోవడం పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతికి మింగుడుపడలేదు. దగ్గరి స్టేషన్ నౌపడ, అక్కడికి 25 మైళ్లు. ఆయన సొంతంగా ఏడు లక్షల రూపాయల ఖర్చుతో రెండున్నర అడుగుల వెడల్పున్న చిన్న పట్టాలు వేయించాడు. పెద్ద మార్గం వెడల్పు ఐదున్నర అడుగులు. 1900 ఏప్రిల్ 1న పర్లాకిమిడి లైట్ రైల్వే నడిచింది. నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి. మనం పోయిన భాగంలో ఉప్పు ఎద్దుల వెంట నడిచిన దారే దాదాపుగా ఇది. 1931 నాటికి గుణుపురం చేరింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్లి, టెక్కలి, పాతపట్నం ఇటు మద్రాసులో మిగిలాక, ఆ చిన్నబండి రెండు రాష్ట్రాల బండి అయింది. 2004లో చిన్న పట్టాలు తీసేయడం మొదలైంది. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద పట్టాలు పడ్డాయి.

ఇంకో ఏప్రిల్ 1 ఉంది. దాని దగ్గర కాసేపు ఆగాలి.

1940 మార్చి ఆఖరు వారంలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను అంతకుముందే అరెస్టు చేశారు. సభ ఆగలేదు. రైతులు పలాసకు ఎందుకొచ్చారో తెలియాలంటే మందస జమీందారీ అడవిని చూడాలి. ఇప్పుడు బండిని మళ్లీ విప్పి చూడండి. చక్రం అడవిది, నొగ అడవిది, కాడి అడవిది. నాగలి, ఇంటి వాసాలు, పొయ్యిలో పుల్ల, పొలానికి పచ్చిరొట్ట అడవివే. ఆ అడవికి జమీందారు అడ్డుగీత గీసి, కర్ర కొట్టినా ఆకు కోసినా సుంకమో, దండుగో అన్నాడు. ఒక ఇరుసు విరిగితే రైతుకు ఆ ఏటి సేద్యం కుంటుపడుతుంది. బండి లేని రైతు పంటను సంతకు తేలేడు, పొలానికి గత్తం తోలలేడు. అడవి హక్కు అనే పెద్ద మాట రైతుకు తన వాకిట్లో నిలబడిన బండి రూపంలో కనబడింది.

రైతులు బండ్లు కట్టారు. అడవిలోకి వెళ్లి కర్ర కొట్టి, బండ్ల మీద వేసుకుని బహిరంగంగా ఊళ్లకు తెచ్చుకున్నారు. అప్పటిదాకా వెట్టికి కట్టిన బండ్లు అవి. ఇప్పుడు తమ కోసం తాము కట్టుకున్నారు. దానికి జవాబుగా పోలీసులు వచ్చారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో, పట్టుకున్న రైతులను తీసుకుపోతుంటే ఆడవాళ్లు అడ్డుపడ్డారు. వాళ్ల ముందు నిలబడినది సాసుమాన గున్నమ్మ, నిండు గర్భిణి. కాల్పులు జరిగాయి. గున్నమ్మ, ఆమెతో మరికొందరు అక్కడే నేలకొరిగారు. ఉద్దానం ఆమెను వీరగున్నమ్మ అంటుంది. జమీందారీల రద్దు చట్టం రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు, 1948 దాకా, పట్టింది. ఆమె కథను రాజకీయ చరిత్రలో ఒక పేరాగా చదువుతుంటాం. అందులో కర్ర బండ్లు కూడా ఉన్నాయని, ఆ కర్ర లేకపోతే ఊరి బతుకు కదలదని గుర్తుపెట్టుకుని చదివితే, ఆమె ఎందుకు అడుగు వెనక్కి వేయలేదో తెలుస్తుంది.

స్వతంత్రం వచ్చాక మార్పులు తొందరగా వచ్చాయి. ఇనుప కట్టు పోయి గాలి టైర్లు వచ్చాక ఉద్దానం ఇసుక మీద బండి మొదటిసారి సుఖంగా నడిచింది. దాన్ని టైరుబండి అన్నారు, కర్రచక్రాలది నాటుబండి అయింది. తర్వాత ట్రాక్టరు వచ్చి రెండిటినీ పక్కకు నెట్టింది. చక్రం చేసే వడ్రంగి తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నాడు. పలాస జీడి కార్ఖానాలకు ఇప్పుడు చుట్టుపక్కల తోటల పిక్కలే కాక, ఆఫ్రికా దేశాల పిక్కలూ లారీల్లో వస్తున్నాయి. ఎడ్లు లేవు. మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. లారీ, ఆటో, కారు, స్కూటీ అన్నిటికీ సొంత పేర్లున్నాయి. సంతలో అమ్మకానికి పెట్టినప్పుడు వాటి సొంత పేర్లు పలుకుతాం. ఆ ఆటో మీద బతికేవాణ్ని అడగండి, ‘నా బండి’ అంటాడు. కంపెనీ పెట్టిన పేరు యంత్రానిది. బండి అన్నప్పుడు అందులో నడిపేవాడు, మోసే బరువు, చేరవలసిన ఊరు కూడా ఉంటాయి. నేను గమనించినంతలో ఆ మాట ఇన్నాళ్లు బతకడానికి కారణం ఇదే.

ఈ నేలలో ఆ మాట ఇంకో బరువునూ మోస్తోంది. 2005లో 108 అంబులెన్సులు వచ్చాయి. మన ఊళ్లు వెంటనే వాటిని నూటెనిమిది బండ్లు చేసేశాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు పలాసకో, సోంపేటకో, టెక్కలికో వెళ్లాలి. తెల్లారకుండానే ఆటో కోసం రోడ్డు మీద నిలబడే ఆ మనుషులు ‘బండి వచ్చిందా’ అని అడిగినప్పుడు, అది ఏ యంత్రం అన్నది వాళ్లకు పట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటి, కొబ్బరిచెట్లన్నీ రోడ్లకు అడ్డంగా పడినప్పుడు ఊళ్లు మొదట కోల్పోయింది బండి దారినే. చెట్లు నరికి దారి తీశాకే మందులైనా, నీళ్లైనా వచ్చాయి. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో మంచినీళ్లు ఉద్దానానికి మళ్లించారు. గొట్టం అందని చోట నీళ్లబండి కోసం బిందెలు వరసలో ఉంటాయి.

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు. రైతులూ పడవవాళ్లూ ఒకే ఊళ్లో బతికిన ఈ తీరంలో ఆ సామెత కళ్లెదుట జరిగింది. కళింగపట్నం, బారువ రేవులకు సరుకు మోసిన బండ్ల మీదే, పెట్టె బేడా పెట్టుకుని మనుషులూ వెళ్లారు. వాళ్లు ఎక్కింది రంగం ఓడ. రంగూన్‌ను మన పెద్దవాళ్లు అలాగే పిలిచేవారు. అక్కడ వాళ్లకు దొరికిన పనుల్లో ఒకటి రిక్షా లాగడం. ఎద్దును కాడికి కట్టి ఎరిగిన మనిషి, పరాయి దేశంలో రెండు నొగల మధ్య తానే నిలబడ్డాడు. రేవుల్లో మూటలు మోసిన తెలుగు కూలీలకూ స్థానిక బర్మావాళ్లకూ మధ్య 1930 మేలో నెత్తురు ఎందుకు పారింది? జమీందారుకు వెట్టి బండి కట్టిన ఊళ్లే రంగానికి ఎందుకు తరలాయి? వచ్చే భాగంలో బారువ రేవులో ఓడ ఎక్కుదాం.